మొలకను ఆనవాలు పట్టించే బొమ్మలు: చెన్నై పొదల అడవి కోసం బొటానికల్ ఆర్ట్

స్థానిక మొక్కల ప్రచారం కోసం వేసే బొమ్మల్లో చాలావరకు పువ్వుల బొమ్మలే ఉంటాయి. పువ్వు ఏడాదిలో కొన్నాళ్లే కనిపిస్తుంది. మిగతా కాలమంతా మొక్క వట్టి ఆకులతో, ముళ్లతో, పేరు తెలియని పొదలా నిలబడి ఉంటుంది. దాని మీద కత్తి పడేది ఆ రోజుల్లోనే. అపార్ట్‌మెంట్ తోటమాలి, ఖాళీ జాగా చదును చేయించే కాంట్రాక్టరు, ఆదివారం పూట "పిచ్చి మొక్కలు" పీకడానికి వచ్చే వాలంటీర్లు, వీళ్లెవరికీ పువ్వు బొమ్మ వల్ల ఉపయోగం లేదు. వాళ్లకు ఆకు కావాలి, బెరడు కావాలి, అన్నిటికన్నా ముఖ్యంగా జానెడు ఎత్తు మొలక ఎలా ఉంటుందో తెలియాలి. బొటానికల్ ఆర్ట్, అంటే మొక్కను కొలతలతో ఉన్నదున్నట్టు వేసే చిత్రకళ, మొక్కల్ని కాపాడాలంటే మన శ్రమలో ఎక్కువ భాగం అక్కడే పెట్టాలని నా గట్టి నమ్మకం.

చెన్నైకి ఇది మరీ అవసరం. ఇక్కడి అసలు అడవి ఉష్ణమండల శుష్క సతతహరిత అడవి, అంటే వేడి, పొడి నేలలో కూడా ఏడాదంతా పచ్చగా ఉండేది. కోరమాండల్ తీరం వెంట సన్నని పట్టీలా ఉండేది, ఇప్పుడు తునకలుగా మిగిలింది. గిండీ నేషనల్ పార్కు సుమారు 270 హెక్టార్లు. ఇంకా నన్మంగళం రిజర్వు ఫారెస్టు, వండలూరు, తాంబరంలోని క్రిస్టియన్ కాలేజీ ఆవరణ. మన వైపు శ్రీహరికోటలోనూ ఇదే జాతి అడవి. పాల, వీర, అల్లి, అడవి నిమ్మ, కలివి, మంగ, ఆదొండ, ఊడుగ దీని చెట్లూ పొదలూ. ఎక్కువ భాగం చెట్లు పొట్టివి, ఆకులు దళసరివి, మే నెల ఎండలో కూడా పచ్చగా ఉంటాయి. గుల్మొహర్ లాగా ఎర్రగా విరగబూసి కన్ను లాగే గుణం వీటికి లేదు. అందుకే ఈ అడవిని చూసినవాళ్లు "ముళ్లకంప" అని తేల్చేసి, దాన్ని కొట్టేసి అక్కడ "చెట్లు నాటుదాం" అంటారు.

ఈ తీరంలో మొక్కల బొమ్మలకు పెద్ద చరిత్రే ఉంది, అందులో తెలుగు నేల వాటా చిన్నది కాదు. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారులతో బొమ్మలు వేయించారు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలు 1795-1820 మధ్య లండన్‌లో కోరమాండల్ మొక్కల పుస్తకంగా అచ్చయ్యాయి. చెట్ల తెలుగు పేర్లు కూడా ఆయన అందులో రాశారు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర చిత్రకారులుగా మొదట రంగయ్య, ఆయన తర్వాత గోవిందు పనిచేశారు. 1838 నుంచి 1853 వరకు వెలువడిన వైట్ మొక్కల బొమ్మల పుస్తకం ఐకోనెస్‌లో రెండు వేలకు పైగా పలకలు, అంటే బొమ్మల పుటలు, ఉన్నాయి. ఒక ఆర్కిడ్ ప్రజాతికి వైట్ ఏకంగా గోవిందూయియా అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు, ఆ మొక్కలు ట్రోపీడియా అనే ప్రజాతిలో కలిశాయి. బొమ్మలు మాత్రం ఈ రోజుకీ వాడుకలో ఉన్నాయి. గమనించాల్సిన సంగతి ఏమిటంటే ఐకోనెస్ పలకలు రంగుల్లో లేవు. వట్టి గీతలే. కొమ్మ కింద కోసి చూపిన పువ్వు, కేసరం, అండాశయం అడ్డుకోత, గింజ, ఇవన్నీ విడివిడిగా ఉంటాయి. అంటే ఒక మొక్కను ఆనవాలు పట్టడానికి రంగుకన్నా గీత, కొలత ముందు. రంగు మీద మోజుతో పెన్సిల్ పని తొందరగా ముగించేవాళ్లు ఆ పలకలు ఒకసారి శ్రద్ధగా చూడాలి.

ఆకు దగ్గర మొదలుపెట్టండి

ఉదాహరణకు పాల చెట్టు, అడవి నిమ్మ తీసుకుందాం. తమిళంలో మొదటిది ఉలక్కై పాలై, రెండోది కాట్టు ఎలుమిచ్చై. రెండింటి ఆకులూ దళసరిగా, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. రెండింటికీ ఆకు కొస మొనదేలకుండా చిన్న నొక్కుతో ఉంటుంది. పువ్వు లేనప్పుడు కొత్తవాళ్లు ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం మామూలే. తేడా చూపించే బొమ్మ ఇలా ఉండాలి: పాల ఆకులు కొమ్మ చివర గుత్తిగా చేరి ఉంటాయి కాబట్టి చివరి కొమ్మ మొత్తం వెయ్యాలి, విడి ఆకు చాలదు. తొడిమ తుంచిన చోట తెల్లని పాల చుక్క చూపించాలి. అడవి నిమ్మలో ఆకు మొదట్లో, కణుపు దగ్గర ముల్లు ఉంటుంది. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నూనె గ్రంథులు సన్నని చుక్కలుగా కనబడతాయి. ఆ చుక్కల్ని పూర్తి ఆకు మీద చూపించే ప్రయత్నం చెయ్యకండి, బొమ్మ మచ్చల రోగం పట్టిన ఆకులా తయారవుతుంది. ఆకులో ఒక చదరపు సెంటీమీటరు ముక్కను పక్కన అయిదు రెట్లు పెంచి వెయ్యండి. నలిపితే నిమ్మ వాసన వస్తుందని బొమ్మ చెప్పలేదు, కింద ఒక్క ముక్క రాయాలి.

వీరకు ఇంకో గుర్తు. ఆకు మొదట్లో నడిమి ఈనెకు రెండు పక్కలా సమానంగా ఉండదు, ఒక పక్క కాస్త పైన మొదలవుతుంది. చిత్రకారుల చెయ్యి తెలియకుండానే ఆకుల్ని సౌష్ఠవంగా దిద్దేస్తుంది, వీర బొమ్మ చెడేది అక్కడే. కొలుచుకుని వేస్తే ఆ తప్పు జరగదు. రెండు ములికుల డివైడర్ తీసుకుని, ఆకు పొడవు, మూడు చోట్ల వెడల్పు, తొడిమ పొడవు, కణుపుకూ కణుపుకూ మధ్య దూరం కొలిచి ఉన్న సైజులోనే కాగితం మీద చుక్కలు పెట్టుకోవాలి. తర్వాతే 2హెచ్ పెన్సిల్‌తో గీత. పక్కన సెంటీమీటరు స్కేలు గీత తప్పనిసరి. "రెండు రెట్లు" అని అక్షరాల్లో రాస్తే పోస్టరుగా అచ్చు వేసినప్పుడు అబద్ధం అవుతుంది. గీత అయితే బొమ్మతోపాటే పెరుగుతుంది, తగ్గుతుంది.

పురుగు కొట్టిన ఆకుల్ని బాగుచేసి వెయ్యడం చాలామందికి అలవాటు. అది మానుకోవాలి. స్థానిక మొక్క విలువే అది ఎవరికి తిండి పెడుతోందన్నది. అడవి నిమ్మ మీద నిమ్మ సీతాకోకచిలుక జాతుల గొంగళిపురుగులు పెరుగుతాయి. ఆదొండ, ఉలిమిరి మీద గ్రేట్ ఆరెంజ్ టిప్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. కొరికిన అంచు, ఆకు మీద గుడ్డు, పక్కన గొంగళిపురుగు వేసి చూపిస్తే, ఆకులు తినేస్తున్నాయని మందు కొట్టించే ఇంటివాళ్లు ఆగి ఆలోచిస్తారు.

మొలకల బొమ్మలకు దగ్గరిదారి లేదు. గింజలు తెచ్చి కుండీలో మనమే మొలిపించాలి. బీజదళాలు విచ్చుకున్న రోజు, తొలి ఆకులు వచ్చినప్పుడు, నాలుగు ఆకుల దశలో, మోకాలి ఎత్తున, ఇలా నాలుగు దశలు ఒకే పలక మీద వరసగా, తేదీలతో. చాలా మొక్కల్లో తొలి ఆకులు పెద్ద చెట్టు ఆకుల్లా ఉండవు. అందరికీ తెలిసిన వేపనే చూడండి, మొలక తొలి ఆకులు మూడేసి రెక్కలతో ఎదురెదురుగా వస్తాయి, పెద్ద చెట్టు ఈకల్లాంటి ఆకును ఎరిగినవాళ్లు కూడా దాన్ని కలుపు అనుకుని పీకేస్తారు.

నమూనా, కాగితం, రంగు

ముందు చట్టం. గిండీ వంటి నేషనల్ పార్కులో అనుమతి లేకుండా ఆకు కూడా తుంచకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. రిజర్వు ఫారెస్టుల్లోనూ అనుమతి తీసుకోవాలి. గుడి తోపులు, కాలేజీ ఆవరణలు, తెలిసినవాళ్ల తోటలు, నర్సరీలు, అడిగితే కాదనరు. పాల మొక్క నర్సరీల్లో తేలిగ్గా దొరకడానికి ఒక కారణం ఉంది: సపోటా అంటుకు కింది మొక్కగా దాన్నే వాడతారు. పెరట్లో అంటు సపోటా ఉన్నవాళ్ల దగ్గర వేరు పాలదే అయి ఉండే అవకాశం ఎక్కువ, అంటు కింద నుంచి పిలకలు వస్తే నమూనా ఇంట్లోనే ఉన్నట్టు.

కొమ్మ కోసిన వెంటనే తడిపిన న్యూస్ పేపర్లో చుట్టి జిప్ కవర్లో పెట్టి, దాన్ని స్టీలు డబ్బాలో పెట్టండి. కవరు మాత్రమే అయితే ఆటోలో నలిగిపోతుంది, కవరు లేకుండా డబ్బా అయితే చెన్నై ఎండకు లోపల ఉడికిపోతుంది. రాత్రికి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఉంచాలి, పైన ఫ్రీజర్ పక్కన పెడితే ఆకులు నల్లబడతాయి. రంగు నమూనా మాత్రం చెట్టు దగ్గరే వేసుకోవాలి, పగటి వెలుగులో, నీడపట్టున. ఇంటికి వచ్చి ట్యూబులైటు కింద కలిపిన ఆకుపచ్చ పొద్దున చూస్తే వేరుగా ఉంటుంది. గంగరావి లాంటివాటికి గంట కూడా రాసుకోవాలి. పొద్దున పసుపుగా విచ్చుకున్న పువ్వు సాయంత్రానికి ఎర్రబారుతుంది, రెండూ ఆ చెట్టు పువ్వులే.

కాగితం 300 జీఎస్ఎం, నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్. గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ మీద సన్నని ఈనె గీత తెగిపోతుంది. అసలు ఇబ్బంది చెన్నై తేమ. విప్పి వదిలేసిన కాగితం కొన్ని నెలల్లో పై జిగురు పూత చెడి, కుంచె తగిలిన చోటల్లా రంగు పీల్చేసుకుని మచ్చలు కడుతుంది. అది మన చేతి తప్పు అనుకుని బాధపడేవాళ్లను ఎక్కువగా చూస్తుంటాం. కొత్త షీటు అంచు మీద ఒక తడి గీత గీసి చూడండి. నీరు కాసేపు పైన మెరుస్తూ నిలవాలి, వెంటనే ఇంకిపోతే ఆ షీటు స్కెచ్‌లకు వాడుకోవాలి. మిగతా షీట్లను సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచాలి, జెల్ రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. అరచేతి చెమట ఇంకో శత్రువు. చెయ్యి ఆనిన చోట జిడ్డు పట్టి రంగు అంటదు. ఒక ట్రేసింగ్ పేపరు చేతి కింద ఎప్పుడూ ఉండాలి. వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకపోతే వాష్ (నీటి రంగు పల్చటి పూత) అంచులు గట్టిగా ఎండిపోతాయి. వానాకాలంలో దీనికి ఎదురు సమస్య, పొర ఆరిందనుకుని పై పొర వేస్తే కింది రంగు లేచొస్తుంది. వేలి వెనక భాగంతో తాకి చూస్తే చల్లగా ఉన్నంతసేపూ లోపల తడి ఉన్నట్టే.

రంగులు కొనేటప్పుడు ట్యూబు మీద అందమైన పేరు చూడకండి, పిగ్మెంట్ నంబరు, అంటే అందులో వాడిన అసలు రంగు పదార్థాన్ని చెప్పే కోడ్, చూడండి. పీఆర్83 అలిజరిన్ ఎరుపు వెలుతురుకు వెలిసిపోతుంది, దాని బదులు పీవీ19 వాడాలి. పీబీ29 అల్ట్రామెరీన్, పీబీ15 థాలో బ్లూ, పీవై154 పసుపు, పీవై150 పసుపు, వీటితో ఈ అడవి ఆకుపచ్చలన్నీ కలపొచ్చు. ట్యూబులో దొరికే ఆకుపచ్చలు వద్దు, ఈ ఆకులకు అవి మరీ పచ్చిగా ఉంటాయి. పీవై150లో అల్ట్రామెరీన్, రవ్వంత పీవీ19 కలిపితే పాల ఆకు పై రంగుకు దగ్గరగా వస్తుంది. ఇలాంటి దళసరి ఆకు మెరుపు నిజానికి ఆకాశపు నీడ. కాబట్టి మొదటి పొర పల్చటి నీలం వేసి, మెరిసే చోట దాన్నే వదిలేసి, చుట్టూ ఆకుపచ్చ పొరలు ఎక్కించాలి. తెల్ల కాగితం వదిలితే ఆకు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. పొరలు పల్చగా అయిదారు, ఒక్కోటీ పూర్తిగా ఆరాక.

అల్లి పువ్వు గురించి కాస్త వివరంగా చెప్పాలి, కొలనులో పూసే అల్లి కాదు, ఈ అడవి అల్లి. తమిళులు కాసా అనీ కాయాంపూ అనీ అంటారు. దాని నీలం ఈ అడవి మొత్తానికి అరుదైన రంగు. పువ్వులు చిన్నవి, ఆకులు రాలిన పాత కొమ్మల కణుపుల దగ్గర గుత్తులుగా కమ్ముకుంటాయి. రేకులు నాలుగు, కేసరాలు ఎనిమిది, కింద గులాబీ రంగు గిన్నె. రేకులు త్వరగా రాలిపోతాయి, కాబట్టి ముందు ఒక్క పువ్వును తుంచి, పది రెట్ల లెన్స్ కింద కొత్త బ్లేడుతో నిలువుగా చీల్చి, తడి టిష్యూ మీద పెట్టి వేసెయ్యాలి. గుత్తి తర్వాత. పాత బ్లేడు వాడితే అండాశయం నలిగి లోపలి గదులు కనబడవు. గుత్తి వేసేటప్పుడు ప్రతి పువ్వునూ అంతే వివరంగా వెయ్యాలనుకుంటే బొమ్మ గజిబిజి అవుతుంది. ముందు వరసలో మూడో నాలుగో పూర్తిగా, వెనకవి వట్టి రంగు ఆకారంగా చాలు. ఇక పువ్వు లేనప్పటి గుర్తు: ఆకులు ఎదురెదురు, నడిమి ఈనె తప్ప పక్క ఈనెలు దాదాపు కనబడవు. కనబడని ఈనెల్ని అలవాటు కొద్దీ గీస్తే ఆ ఆకు ఇంక అల్లి ఆకు కాదు.

ఒకే షీటు మీద మిత్రుడూ చొరబాటుదారూ

ప్రచారానికి అన్నిటికన్నా పనికొచ్చేవి పోలిక పలకలు. సీమ తుమ్మ, నల్ల తుమ్మ, జమ్మి, మూడూ ఒకే షీటు మీద ఒకే కొలతలో. సీమ తుమ్మ అంటే ప్రోసోపిస్ జూలిఫ్లోరా, చెన్నై చుట్టూ చెరువు గట్లన్నీ ఆక్రమించిన మొక్క. దాని పువ్వు పసుపు పచ్చని కంకి, కాయ లేత పసుపు, ముళ్లు కణుపుల దగ్గర. నల్ల తుమ్మ పువ్వు గుండ్రని పసుపు బంతి, కాయ గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి పూసల దండలా ఉంటుంది, ముళ్లు తెల్లగా, జంటగా, నిటారుగా. జమ్మికి ముళ్లు కణుపుల దగ్గర కాకుండా కొమ్మ పొడవునా చెదురుగా, మొదలు వెడల్పుగా ఉంటాయి. అందుకని కొమ్మ ముక్క ఒక్కోటీ కనీసం పది సెంటీమీటర్లు వెయ్యాలి. ముల్లు ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడ గుర్తు, కణుపు కనబడని ముల్లు బొమ్మ వృథా. సీమ తుమ్మను కొట్టే పనిలో నల్ల తుమ్మ కూడా పోవడానికి కారణం ఈ పోలికే, ఇలాంటి పలక ఒకటి కూలీల మేస్త్రీ చేతిలో ఉంటే చాలా చెట్లు మిగులుతాయి.

స్కానింగ్ 600 డీపీఐ, టిఫ్ ఫైలు, ఆటో కలర్, ఆటో షార్ప్ ఆపేసి. ఏ3 బొమ్మను ఏ4 స్కానరు మీద రెండు ముక్కలుగా, కనీసం మూడు సెంటీమీటర్లు అతివ్యాప్తి ఉండేలా తీసి కలపాలి. వెనక తెలుపు శుభ్రం చెయ్యాలని లెవెల్స్ (కంప్యూటర్లో వెలుగునీడల సర్దుబాటు) మరీ లాగితే లేత రేకుల అంచులు మాయమవుతాయి. తెల్ల పువ్వులకు ముందే జాగ్రత్త పడి వెనక ఒక ఆకు వేసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. అల్లి నీలం అచ్చులో ఊదాగా మారుతుంది, సీఎంవైకేలో (అచ్చు వాడే నాలుగు సిరాల పద్ధతి) మెజెంటాను సయాన్ కంటే కనీసం 30 శాతం తక్కువ ఉంచమని ప్రెస్సులో చెప్పి, ప్రూఫు చూశాకే ఒప్పుకోండి. ప్రూఫును అసలు బొమ్మ పక్కన పెట్టి పగటి వెలుగులో చూడాలి, ఫోన్ తెర పక్కన కాదు.

బయట పెట్టే బోర్డులకు ఫ్లెక్స్ వద్దు. ఎండకు పసుపు, మెజెంటా ముందు పోయి, మన ఆకులన్నీ నీలంగా మిగులుతాయి. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు మీద యూవీ ప్రింటు, పైన మ్యాట్ పూత. మెరిసే పూత అయితే మధ్యాహ్నం ఆకాశం తప్ప ఏమీ కనబడదు. వీలైతే బోర్డు ఉత్తరానికి తిరిగి ఉండాలి. మేకు కొట్టి చెట్టుకు తగిలించకూడదు, పక్కన ఇనుప కాలు పాతాలి. అక్షరాలు నలభై యాభై మాటలు మించకూడదు. మొదట తమిళ పేరు పెద్దగా, ఎందుకంటే ఇక్కడ కొమ్మ నరికే మనిషి చదివేది తమిళం. తెలుగు కుటుంబాలు ఎక్కువున్న పెరంబూరు, విల్లివాక్కం, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) అపార్ట్‌మెంట్ల వైపు తెలుగు పేరు కూడా అదే సైజులో. శాస్త్రీయ నామం తప్పనిసరి, ఊరూరికీ పేరు మారుతుంది కాబట్టి. పేరు ఖాయం చేసుకునే ముందు దగ్గరి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాళ్లకు ఎండబెట్టిన నమూనా చూపించండి. తప్పు పేరుతో అందమైన బోర్డు ఏళ్ల తరబడి తప్పే నేర్పుతుంది.

అరుదైన మొక్కల బొమ్మ కింద ఎక్కడ దొరికిందో వివరంగా రాయొద్దు. అగ్నిశిఖ దుంపల్ని తవ్వుకుపోయేవాళ్లున్నారు. "పొదల అడవి, ఇసుక నేల" అంటే సరిపోతుంది. స్కూలు పిల్లల కోసం వేసే అగ్నిశిఖ పలక మీద, అందులోని కోల్చిసిన్ వల్ల మొక్క అంతా, ముఖ్యంగా దుంప, ప్రాణాంతక విషమని స్పష్టంగా ఉండాలి. పువ్వు లేకున్నా దాన్ని పోల్చుకోవచ్చు, ఆకు కొస తీగలా చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్టను పెద్దదిగా చేసి చూపించండి.

ఏ మొక్క ఎక్కడ నాటాలో చెప్పడం కూడా పలక బాధ్యతే. పళ్లికరణై చిత్తడి నేల, అక్కడ అవసరం నీటి మొక్కలూ గడ్డే, చెట్లు కాదు. బీచి ఇసుక మీద రావణాసురుడి మీసాలు, బాలబందు తీగ ఉండాలి, సరుగుడు తోపు కాదు. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే. అపార్ట్‌మెంట్ కంచెకు కోనోకార్పస్ అనే విదేశీ మొక్క బదులు వీర, అడవి నిమ్మ, కలివి. కత్తిరింపుకు తట్టుకుంటాయి. ఇక్కడ పువ్వు కాయ బొమ్మలతోపాటు ఒక మూలన కంచెగా కత్తిరించిన ఆకారం, పక్కన మనిషి నీడ చిన్నగా వెయ్యండి. అసోసియేషన్ కమిటీ అడిగే మొదటి ప్రశ్న ఎంత ఎత్తు, ఎంత వెడల్పు అన్నదే.

ఈ బొమ్మల ప్రదర్శన పెట్టాల్సింది సెప్టెంబరులో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, నాటిన మొక్క వేరు పట్టేది అప్పుడే. జనవరిలో బొమ్మలు చూసి మనసు పడి మొక్క కొన్నవాళ్లు వేసవంతా నీళ్లు మోయాల్సి వస్తుంది, చాలామంది ఏప్రిల్‌లోనే వదిలేస్తారు. నర్సరీకి ఆరు నెలల ముందే చెప్పి, పలకల మీదున్న మొక్కలు ఒక్కోటీ పాతికో యాభయ్యో కవర్లలో సిద్ధంగా ఉండేలా చూసుకోవాలి. ఒక్కో బొమ్మ కింద ఆ మొక్క కవరు, దానికి కట్టిన చీటీ మీద అదే బొమ్మ చిన్నగా, మొలక దశతో సహా. చీటీ పెన్సిల్‌తో రాయండి, వానకు పెన్ను సిరా కారిపోతుంది.